బావ చేతి కారం బీరు

ఈ పూట కళ్ళు తెరిపించి, నోట్లో మాట, చేతిలో కలం ఉంచిన తండ్రికి ముందుగా స్తోత్రం. ఆయన ఎంత మంచివాడో నాలుగు తరాలుగా మా ఇంట్లో పాడుకుంటూనే ఉన్నాం. నేను ఎలాంటివాడినో మాత్రం ఇప్పటిదాకా ఎక్కడా చెప్పలేదు. ఈ కింద రాస్తున్నాను. రెండూ కలిపి చదవండి. అప్పుడుగాని ఆయన ఓర్పు ఎంత పెద్దదో తెలియదు.

పోయిన నెల మా టీములో పనిచేసే ఒక అమ్మాయి ఖాజాగూడలో కొత్త ఫ్లాటుకు మారి, అందరినీ మధ్యాహ్నం భోజనానికి పిలిచింది. నేను ఆదివారం ఎక్కడికీ రానని తెలిసి నా కోసమే శనివారం పెట్టింది. కిటికీలోంచి గుట్టలు కనిపిస్తున్నాయి. వంటింట్లో ఆమె భర్త సెల్‌ఫోన్‌ను పోపుల డబ్బాకు ఆనించి, అందులో ఎవరో చేసి చూపిస్తున్నదాన్ని చూస్తూ కారం బీరు కలుపుతున్నాడు. టమాటా రసం, నిమ్మకాయ, మిరియాల పొడి, గ్లాసు అంచు చుట్టూ ఉప్పూ కారం. అంతా బాగానే చేశాడు. చివర్లో పొంగుతున్న బీరులో చెంచాడు ఉప్పు వేశాడు. నురగ బుస్సున లేచి గ్లాసు దాటి, గట్టు దాటి, ఆయన కొత్త ప్యాంటు మీదికి దిగింది. నా నోరు నా అనుమతి లేకుండానే మాట్లాడింది. "ఉప్పు ముందే టమాటాలో కరగాలి. బీరు చివర పోయాలి, గ్లాసు వంచి, గోడ వెంబడి" అన్నాను. అందరూ నా వైపు తిరిగారు. "సార్, మీరు ప్రతి ఆదివారం నిజంగా చర్చికే వెళ్తున్నారా?" అంది ఆ అమ్మాయి. ఇల్లంతా నవ్వింది. "ఎవరు నేర్పారు సార్?" అని అడిగాడు ఆమె భర్త, తుడుచుకుంటూనే. "మా బావ" అన్నాను. ఆ మాట నా నోటి నుంచి వచ్చి ఆరేళ్ళయింది.

బావ అంటే మా అక్క మొగుడు. మాది గుంటూరు వైపు, ఆయనది వికారాబాదు వైపు. అక్క మాదాపూర్‌లో ఒక ఆసుపత్రిలో నర్సు. బావ అదే రోడ్డు చివర ఒక బారులో కౌంటరు మీద మనిషి. సీసా పగిలి చెయ్యి తెగి కుట్ల కోసం వచ్చాడు. కుట్లు విప్పేలోపల పెళ్ళి మాట అడిగేశాడు. మా నాన్న ఆ పెళ్ళికి రాలేదు. నేను వెళ్ళాను గాని, భోజనం చేయకుండా వచ్చేశాను. గేటు దాకా వచ్చి, "తినకుంటే పాయె బామ్మర్దీ, జర పాన్ అన్న నములు" అన్నాడాయన, నవ్వుతూ. నేను నవ్వలేదు. ఆ భోజనం మానేసిన సంగతిని తర్వాత సంఘంలో సాక్ష్యంలా చెప్పుకున్నాను కూడా. నేను చేసిన ఉపవాసాల్లో దేవునికి అక్కర్లేనిది అదొక్కటే అనుకునేవాణ్ణి కొన్నాళ్ళు. ఒక్కటేనా అని ఈమధ్య అనుమానం.

కారం బీరు ఆయన సొంతంగా కనిపెట్టింది. టమాటాలను సెగ మీద పొట్టు నల్లబడేదాకా కాల్చి, చిదిమి, గుడ్డలో వడకట్టేవాడు. అందులో ఉప్పు, వేయించిన జీలకర్ర పొడి, చీల్చిన పచ్చిమిర్చి, నిమ్మరసం. ఆ పైన ఆవకాయ జాడీలోంచి ఒక చెంచాడు ఊట. అదే అసలు సంగతి. ఆ ఊట మా అమ్మ పెట్టిన ఆవకాయదే. పెళ్ళికి రాని మా నాన్నకు చెప్పకుండా అమ్మ అక్కకు పంపిన జాడీ మాదాపూర్ బారులో అంత పేరు తెస్తుందని ఆవిడ కలలో కూడా అనుకుని ఉండదు. గ్లాసు అంచుకు నిమ్మచెక్క రుద్ది, ఉప్పూ కారం కలిపిన పళ్ళెంలో బోర్లించి, ఐసు వేసి, టమాటా పోసి, చివర చల్లటి బీరును గోడ వెంబడి దించేవాడు. ప్రతి గ్లాసుకూ ఒక స్ట్రా ముంచి, పైన వేలితో మూసి ఎత్తి, ఆ చుక్కను నాలుక మీద వదులుకుని చూసేవాడు. అది ఆ పని చేసేవాళ్ళ పద్ధతి. రోజుకు ఎన్ని గ్లాసులు, ఎన్ని చుక్కలు! చుక్కలు గుక్కలయ్యాయి. కొన్నేళ్ళకు అక్క డ్యూటీ నుంచి వచ్చేసరికి ఆయన మెట్ల మీదే పడి ఉండటం మొదలైంది.

అలాంటి మనిషిని ప్రభువు ముట్టాడు. ఇది నేను నమ్ముతున్నాను, అప్పుడూ నమ్మాను. శేరిలింగంపల్లిలో ఒక సామాన్ల దుకాణం మీది అంతస్తులో మా సంఘం కూడుకుంటుంది. ఒక ఆదివారం అక్క వెనకాలే వచ్చి, చివరి కుర్చీలో కూర్చుని, పాటలు అయ్యేదాకా ఏడ్చాడు. బారు పని మానేసి ఆఫీసు క్యాబు నడపడం మొదలుపెట్టాడు. బాప్తిస్మం తీసుకున్నాడు. మా సంఘంలో ఒక కట్టుబాటు ఉంది. తాగుడులోంచి వచ్చినవాళ్ళు బాప్తిస్మం తర్వాత కూడా తొమ్మిది నెలలు ప్రభువు బల్లలో పాలు పొందకూడదు. వరుసలో కూర్చుంటారు. రొట్టె పళ్ళెం, ద్రాక్షరసం గిన్నె చేతికి వస్తాయి. తాము తీసుకోకుండా పక్కవాళ్ళకు అందించాలి. బావ ఆ పళ్ళేన్ని రెండు చేతులతో అందుకుని, రెండు చేతులతో అందించేవాడు. ఒకసారి నాతో అన్నాడు: "చేతిలకు వస్తది, మల్ల పోతది బామ్మర్దీ. గంత తేలికుంటది. గని తొమ్మిది నెలలైతే నేను గూడ ఒక ముక్క తుంచుకుంట." ఆ ఒక్క ముక్క కోసం ఆయన రోజులు లెక్కపెట్టుకునేవాడు.

ఆ రోజుల్లోనే మా కంపెనీలో మనుషుల్ని తీసేస్తున్నారు. ఎవరి పేరు జాబితాలోకి వెళ్ళాలో చెప్పేది మా మేనేజరు. ఒకరోజు ఆయన క్యాబు ఎక్కి, అద్దంలో డ్రైవరు ముఖం చూసి, "నువ్వు ఆ కారం బీరు వాడివి కదూ!" అన్నాడట. బావ దాచలేదు. నా బావమరిది మీ దగ్గరే పనిచేస్తాడు సార్ అని గర్వంగా చెప్పాడు కూడా. మర్నాడు మేనేజరు నా కుర్చీ దగ్గరికి వచ్చి, శనివారం మధ్యాహ్నం మీ ఇంట్లో కూర్చుందాం, మీ బావ చేత కలిపించు అన్నాడు. ఆయన వాక్యం పూర్తి కాకముందే సరే సార్ అన్నాను. నా భార్యా పిల్లలూ సెలవులకు తెనాలి వెళ్ళి ఉన్నారు. అదీ కలిసొచ్చింది అనుకున్నాను, దేవుడే అనుకూలపరిచాడన్నట్టు.

ఫోన్ చేస్తే బావ వెంటనే వద్దన్నాడు. "ఆ వాసన నాకు మంచిది గాదు బామ్మర్దీ. ఇగ పది దినాలే ఉన్నది. ఈ ఆదివారం గాక ఆ పై ఆదివారం నన్ను బల్లల కలుపుకుంటరు. జర సమజ్ చేసుకో."

"మిమ్మల్ని తాగమని ఎవరన్నారు బావగారూ? కలపడమే కదా. మా అక్కను అన్నేళ్ళు ఏడిపించారు. మా వైపు వాళ్ళకు ఒక్క మేలు కూడా చేయలేరా?" అన్నాను. ఆ మాట ఎక్కడ తగులుతుందో బాగా తెలిసే అన్నాను. "వస్త తియ్" అన్నాడు.

ఆ శనివారం నేను చేసిన ఏర్పాట్లు వినండి. సీసాలను నేను ముట్టుకోలేదు. కారులోంచి ఫ్రిజ్ దాకా బావ చేతే మోయించాను. గ్లాసులు నావి కావు, వాళ్ళవే తెప్పించాను. భోజనానికి ముందు నిలబడి ప్రార్థన చేశాను. ఆహారాన్ని దీవించమని అడిగాను. బీరు ఆహారం కాదు కాబట్టి దాన్ని ప్రార్థనలో కలపలేదు. ఈ జాగ్రత్త నాకు ఎంత తృప్తినిచ్చిందో చెప్పలేను. నేను తాగను, ముట్టను, కాబట్టి ఆ ఇంట్లో జరిగేదేదీ నాకు అంటదు అనుకున్నాను. లేఖనాలు కంఠతా వచ్చినవాడు మాత్రమే చేయగల తప్పు అది.

మేనేజరూ, ఇంకో ఇద్దరూ వచ్చారు. బావ వంటింట్లో టమాటాలు కాలుస్తున్నాడు. బీరు పోయకముందు ఆ రసాన్ని నా చేతిలో పోసి ఉప్పు చూడమన్నాడు. నాకేం తెలుసు, సరిపోయిందన్నాను. మూడు గ్లాసులు తెచ్చి పెట్టాడు. మేనేజరు ఒక గుక్క తాగి మూతి విరిచాడు.

"ఏం పాస్టరుగారూ, చెయ్యి తప్పిందా? ఇది నువ్వు కౌంటర్లో పోసింది కాదే. మా ఇంట్లో జ్వరం వస్తే పెట్టే చారులా ఉంది."

"పాస్టర్ని గాను సార్, డ్రైవర్ని" అన్నాడు బావ. "రుచి సూడకుండ కలిపిన. అందుకే జర అటిటు అయ్యింటది."

"మరి చూడు. ఎవరొద్దన్నారు?"

"నేను ముట్ట సార్. మానేసిన."

"అంటే మేం తాగితే పరవాలేదు, నువ్వు తాగితే నరకమా?" అన్నాడు మేనేజరు. మిగతా ఇద్దరూ నవ్వారు. ఆయన నా వైపు తిరిగి, నవ్వు తగ్గించి, "మీ బావకి మనమంటే గౌరవం లేనట్టుందయ్యా" అన్నాడు.

నేను జాబితాను తలచుకున్నాను. "స్ట్రా చివర ఒక్క చుక్క బావగారూ. అది తాగడం కిందికి రాదు" అన్నాను.

"నువ్వు చెప్తున్నవా బామ్మర్దీ? సంఘం కార్యదర్శివి, నువ్వే చెప్తున్నవా?"

"నేనే చెప్తున్నాను."

ఇంకొక మాట కూడా రాయాలి, రాయకపోతే ఇదంతా అబద్ధమవుతుంది. భయం ఒక్కటే కాదు. మా ఇంటి పిల్లను మా ఇష్టం లేకుండా చేసుకున్న మనిషి, నా ముందు చేతులు కట్టుకుని నా అనుమతి కోసం నిలబడ్డాడు. ఆ క్షణం నాకు బాగుంది.

ఆయన స్ట్రా ముంచి, వేలితో మూసి, చుక్కను నాలుక మీద వదులుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. "ఉప్పు తక్కువైంది" అన్నాడు మెల్లగా, పనివాడి గొంతుతో. లోపలికి వెళ్ళి సరిచేసి తెచ్చాడు. ఈసారి మేనేజరు బల్ల చరిచి, "ఇదీ!" అన్నాడు. "సరిచేసినవాడివి నువ్వే, నీకో గ్లాసు లేకపోతే ఎట్లా?" అని పోయించాడు. నేను కిటికీ వైపు తిరిగాను. ఎదురు భవనంలో ఎవరో బట్టలు ఆరేస్తున్నారు. ఒక దుప్పటి మొత్తం ఆరేసేదాకా చూశాను. వెనక గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడు వినిపించింది. రెండో గ్లాసు ఎవరూ ఇవ్వలేదు, ఆయనే పోసుకున్నాడు.

మూడో గ్లాసు దగ్గర మేనేజరుకు సరదా పుట్టింది. "బ్రదర్, ఒక ప్రార్థన చెయ్యవోయ్. మాకూ కాస్త పుణ్యం రానీ" అన్నాడు. బావ గ్లాసు చేతిలో పట్టుకునే నిలబడ్డాడు. కళ్ళు మూసుకున్నాడు. వాళ్ళు అనుకున్నట్టు వేళాకోళానికి కాదు, నిజంగానే చేశాడు. "అయ్యా, నేను మల్ల పడ్డ. ఎనిమిది దినాలే ఉండె అయ్యా" అని మొదలుపెట్టి, ఏడుస్తూ, మాటలు తడబడుతూ చేశాడు. చేతిలో గ్లాసు ఒరిగి నురగ మణికట్టు మీదికి కారింది. వాళ్ళలో ఒకడు సెల్‌ఫోన్ తీసి వీడియో పట్టాడు. ముగ్గురూ పొట్ట పట్టుకుని నవ్వారు. నేను కూడా నవ్వాను. మేనేజరు నవ్వుతున్నప్పుడు నవ్వకుండా ఉంటే బాగుండదనిపించింది.

ఆ వీడియో ఒక ఫోన్ నుంచి ఇంకో ఫోన్‌కు పాకి గురువారానికల్లా మా సంఘ పెద్ద చేతికి చేరింది. శుక్రవారం సాయంత్రం పెద్దలు కూర్చున్నారు. అందులో బావ ముఖం, గ్లాసు, వెనక తెల్లటి ఫ్రిజ్ తలుపు తప్ప ఇంకేమీ కనబడవు. తెల్లటి ఫ్రిజ్‌లు ఊళ్ళో ఎన్ని లేవు?

"ఇది నువ్వేనా నాయనా?" అని అడిగాడు పెద్దాయన.

"నేనే అయ్యా."

"ఎవరింట్లో?"

బావ నా వైపు చూశాడు. చూస్తూనే ఉన్నాడు. నేను సంఘ పుస్తకంలో ఆనాటి తేదీ వేస్తున్నాను. తేదీ వేయడానికి అంతసేపు పట్టదని అక్కడ ఎవరికైనా తోచిందో లేదో. చివరికి ఆయనే పెద్దాయన వైపు తిరిగి, "యాడైతేంది అయ్యా? తాగింది నేను. నోరు నాది" అన్నాడు. తాగినందుకైతే ఇంకో తొమ్మిది నెలలు అనేవాళ్ళేమో. గ్లాసు పట్టుకుని దేవుని నామం ఎత్తినందుకు పెద్దాయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. 'పరిశుద్ధ నామమును అపహసించినందున సహవాసము నుండి నిలిపివేయడమైనది' అని చెప్పి రాయించారు. నా చేతిరాత బాగుంటుందనే నన్ను కార్యదర్శిని చేశారు. ఆ రోజు కూడా అక్షరాలు గుండ్రంగా, అందంగా వచ్చాయి. బావ లేచి, చెప్పులు వేసుకుని, మెట్లు దిగి వెళ్ళిపోయాడు. నెల తిరక్కుండానే కొండాపూర్‌లో మరో బారు కౌంటరు ఎక్కాడు. రెండు నెలలకు మేనేజరును కంపెనీ తీసేసింది. నన్ను ఉంచింది.

ఆ మరుసటి వారం అక్క మా ఇంటికి వచ్చింది. "ఆయన వల్ల సంఘంలో నీ పరువు పోయింది. ఆయన తరఫున నేను క్షమాపణ అడుగుతున్నాను రా" అంది. నా కళ్ళలోకే చూస్తూ అంది. "దేవుడు చూసుకుంటాడులే అక్కా" అన్నాను. టీ పెట్టి ఇచ్చాను. పూర్తిగా తాగి, గ్లాసు తనే కడిగి వెళ్ళింది.

ఖాజాగూడ భోజనం మధ్యలో లేచి నేను నేరుగా ఆసుపత్రికి వెళ్ళాను. అక్క క్యాంటీనులో ఒక్కతే అన్నం తింటోంది. ఎదురుగా కూర్చుని, ఏదీ దాచకుండా మొత్తం చెప్పాను. నవ్విన సంగతి కూడా. ఆవిడ తినడం ఆపలేదు. చివరి ముద్ద తిని, డబ్బా మూత పెట్టింది.

"తెలుసు" అంది. "ఆ సాయంత్రమే ఏడుస్తూ చెప్పాడు. పెద్దల దగ్గర నీ పేరు చెప్తానన్నాడు. వద్దన్నది నేనే. నా తమ్ముడు వాక్యంలో పెరిగాడు, వాడే లేచి చెప్తాడు, నువ్వు చెప్తే వాడికి ఆ అవకాశం పోతుంది అన్నాను. ఆ శుక్రవారం ఆయన నీకేసి చూశాడట కదా. నువ్వు లేస్తావని చూశాడు."

ఆవిడ డబ్బాను సంచిలో పెట్టుకుంది.

"ఆ తర్వాత నేనే వచ్చాను. క్షమాపణ అడగడానికి వచ్చాననుకున్నావా? నీకు చెప్పే వీలు ఇద్దామని వచ్చాను. నువ్వు టీ పెట్టావు."

"అక్కా, బావ ఇప్పుడు..."

"డాక్టర్లు చెప్పకముందే నాకు తెలుస్తుంది రా, నర్సును. కడుపులో నీరు చేరుతోంది. రోజూ తాగుతాడు. ఆదివారం పొద్దున మాత్రం తాగడు. మీ ఆరాధన ముగిసే వేళ దాకా ముట్టుకోడు. ఎందుకని నేను అడగలేదు." లేచి నిలబడి, భుజం మీంచి జారిన కోటు సర్దుకుంది. "నాకు చెప్పి నీ గుండె బరువు దించుకోకు. నా దగ్గర కాదు. ఎక్కడ రాశావో అక్కడ చెప్పు."

ఆ తర్వాత మూడు ఆదివారాలు గడిచాయి. ఒక ఆదివారం వాన పడి జనం పల్చగా వచ్చారు, ఇంతమందికి ఏం చెప్తాంలే అనుకున్నాను. ఇంకో ఆదివారం బయటి ఊరి నుంచి బోధకుడు వచ్చాడు, పరాయివాడి ముందు ఎందుకనుకున్నాను. మూడో ఆదివారం ఏ కారణమూ దొరకలేదు. ఊరికే కూర్చున్నాను. ఈ రోజు శనివారం. పొద్దున పెద్దాయనకు ఫోన్ చేసి, రేపు పాటలయ్యాక నాకు కొంచెం సమయం కావాలి, సంఘ పుస్తకంలో ఒక అబద్ధం ఉంది అని చెప్పాను. అక్కకూ చెప్పాను. "ఆయనకు చెప్తాను. వస్తాడో రాడో నేను బతిమాలను" అంది.

మీరు ఇది చదివేసరికి ఆ ఆదివారం గడిచిపోయి ఉంటుంది. నేను నిలబడ్డానో, మళ్ళీ తలవంచుకుని తేదీ వేసుకుంటూ కూర్చున్నానో, అప్పటికే తేలిపోయి ఉంటుంది. అయినా ఒక్క నిమిషం కళ్ళు మూసుకుని నాతోపాటు ప్రార్థన చేయండి. నా కోసం వద్దు. ఆరేళ్ళుగా ఆదివారం పొద్దున ముట్టుకోకుండా ఉన్న ఒక మనిషి కోసం, ఆయన ఆ మెట్లెక్కి రావాలని చేయండి. ఆలస్యమైందని మానకండి. నేను పోగొట్టిన ఆ ఆరేళ్ళు నా చేతిలో లేవు, మీ చేతిలోనూ లేవు. మనం ఎవరిని అడుగుతున్నామో, ఆయన చేతిలో మాత్రం ఏ ఆదివారమూ ఇంకా గడిచిపోలేదు.